ప్రేమ ఊహ కావచ్చు... ఉప్పూ పప్పూ మాత్రం నిజం కావాలి!

మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, సాయంత్రం కాఫీకి పాలు పెట్టేలోగా దొరికే ఆ గంటన్నర మనది. ఆ కాస్త సమయంలోనే కదా మనలో చాలామందికి పుస్తకం తెరిచే వీలు చిక్కేది! అందులోనూ రాజుల కాలంనాటి ప్రేమకథ దొరికిందంటే ఇహ చెప్పాలా? గుర్రాల డెక్కల చప్పుడు, కోటగుమ్మం, మారువేషంలో వచ్చిన వీరుడు, మేడమీద ఎదురుచూస్తున్న అమ్మాయి... పొయ్యిమీద పాలు పొంగిపోయినా తెలీదు.

అయితే పుస్తకం మూసేశాక ఒక సందేహం మిగిలిపోతుంది. ఇదంతా నిజంగా జరిగిందా? ఏడెనిమిది వందల ఏళ్ళ క్రితం ఇద్దరు మనుషులు ఏం మాట్లాడుకున్నారో, ఏ చెట్టుకింద కలుసుకున్నారో రాసినాయనకి ఎలా తెలిసింది? అంతా కల్పనే అయితే దాన్ని చరిత్ర అనడం ఎందుకు? చరిత్రే అయితే ఈ సంభాషణలన్నీ ఎక్కడివి?

ఈ సందేహం మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. నాకు మాత్రం చాలాకాలంగా ఉంది. దీన్ని తేల్చుకోవడానికి మనందరికీ తెలిసిన ఒక నవలనే తీసుకుందాం. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'. నవల చదవనివాళ్ళు కూడా 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసిన పాత్రగానైనా ఆ పేరు వినే ఉంటారు. ఒక ప్రేమకథ వెనక ఎంత రాయి, ఎంత తాళపత్రం, ఎంత ఊహ ఉంటాయో ఈ ఒక్క నవల చాలు చెప్పడానికి.

ఎవరీ గజదొంగ?

నవలలో గోన గన్నారెడ్డి గజదొంగ. పెళ్ళిపందిట్లోంచి పెళ్ళికొడుకుని ఎత్తుకుపోతాడు. ఆ పెళ్ళికూతురు ఆదవోని ప్రభువు కూతురు అన్నాంబిక. పెళ్ళి ఆగిపోయిన పిల్ల గతి ఆ కాలంలో ఏమవుతుందో మనం ఊహించుకోగలం. కానీ ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోదు. ఓరుగల్లు చేరి రుద్రమదేవి పక్షాన నిలబడుతుంది. ఎవరివల్ల తన పెళ్ళి చెడిందో చివరికి ఆ మనిషినే ఇష్టపడుతుంది. గన్నారెడ్డి చేసే దోపిడీలన్నీ రుద్రమదేవి రాజ్యాన్ని కాపాడడానికేనని కథ సాగేకొద్దీ మనకు తెలుస్తుంది.

ఇంత పసందైన కథకు చరిత్రలో ఉన్న ఆధారమెంత?

రాయచూరు వెళ్ళినవాళ్ళు అక్కడి కోట చూసే ఉంటారు. ఇప్పుడది కర్ణాటకలో ఉంది. ఆ కోటగోడలో నలభై అడుగులకు పైగా పొడవున్న ఒకే ఒక్క రాయి ఉంది. దానిమీద తెలుగులో శాసనం చెక్కారు. 1294వ సంవత్సరం నాటిది. గోన గన్నారెడ్డి దగ్గర పనిచేసిన విఠలనాథుడనే సేనాని ఆదవాని, తుంబళం వంటి కోటల్ని గెలుచుకుని, రాయచూరు ప్రవేశించి అక్కడ ఈ బలమైన గోడ కట్టించాడని అందులో ఉంది. అంత పెద్ద బండను పశువులు కట్టిన బండిమీద ఎలా లాక్కొచ్చారో ఆ బొమ్మ కూడా గోడమీద చెక్కి ఉంది.

అంతే! గన్నారెడ్డి అనే మనిషి ఉన్నాడు, ఆయనకింద సేనాని ఉన్నాడు, కోటలు గెలిచారు. ఈ రాతిమీద గజదొంగ లేడు. ఎత్తుకుపోయిన పెళ్ళికొడుకూ లేడు. అన్నాంబిక అసలే లేదు.

కానీ ఒక్క మాట గమనించండి. శాసనంలో గెలిచిన కోటల్లో ఆదవాని ఉంది. నవలలో పెళ్ళికూతురి ఊరు ఆదవోని! రెండూ ఒకటే ఊరు, మన ఆదోని. ఇది కాకతాళీయమని నేను అనుకోలేను. రాతిమీద ఉన్న యుద్ధం నవలలోకి వచ్చేసరికి ఒక వియ్యం అయి కూర్చుంది. ఎక్కడైతే సైన్యం దిగిందని శాసనం చెబుతోందో అక్కడ ఒక అమ్మాయి పుట్టింది. చారిత్రక ప్రేమనవల పుట్టే పద్ధతి ఇదే. చరిత్ర ఒక ఊరి పేరు, ఒక మనిషి పేరు, ఒక సంవత్సరం ఇస్తుంది. మిగతాది రచయిత వండుకోవాలి.

బొమ్మలు వేసే చెయ్యి

బాపిరాజు గారు 1895లో పుట్టి 1952లో పోయారు. లా చదివి ప్లీడరీ చేశారు. కవిత్వం రాశారు, పాటలు పాడారు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళారు, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు, 1940లలో హైదరాబాదులో 'మీజాన్' పత్రిక నడిపారు. వీటన్నిటికీ తోడు ఆయన చిత్రకారుడు. రాజమండ్రిలో చదువుకునేటప్పుడు కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సాహం దొరికింది. బందరులో ప్రమోద్ కుమార్ చటర్జీ గారి దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు.

ఈ సంగతి తెలిశాక నవల మళ్ళీ చదివితే ఒక విషయం అర్థమవుతుంది. ఆయన హీరోయిన్ గదిలోకి వచ్చిందంటే కట్టిన చీర రంగు, పెట్టిన నగ, జడ అల్లిన తీరు అన్నీ కళ్ళకు కడతాయి. అవి నిఘంటువులోంచి తీసిన మాటల్లా ఉండవు. శిల్పాన్ని తదేకంగా చూసిన కళ్ళు చెప్పే మాటల్లా ఉంటాయి. శాతవాహనుల కాలం కథ 'హిమబిందు'లో ఆయన కథానాయకుణ్ణి ఏకంగా శిల్పి కొడుకునే చేశారు.

మనం ఓరుగల్లు కాలం ఆడవాళ్ళ అలంకారం చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి వెళ్ళాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ నల్లరాతి మదనికల ముందు ఒక అరగంట నిలబడితే వడ్డాణం ఎక్కడ కట్టేవారో, దండకడియం ఎలా ఉండేదో, కొప్పు ఎటు పక్కకి వేసేవారో తెలుస్తుంది. ఒక మదనిక కాలికి ఎత్తు మడమల పాదరక్షలు కూడా ఉన్నాయి. గైడు చూపించగానే మన పిల్లలు "అమ్మా! హైహీల్స్!" అని కేకేస్తారు. రచయితకైతే అదొక నిధి. తన కథానాయిక గుడిమెట్లు దిగేటప్పుడు ఏ చప్పుడు వినిపిస్తుందో అక్కడ తేలిపోతుంది.

వంటింట్లో దొరికిపోతారు!

యుద్ధాలు, తేదీలు పొరపాటు రాస్తే ప్రొఫెసర్లు పట్టుకుంటారు. వంట పొరపాటు రాస్తే మాత్రం మనమే పట్టుకోవాలి. ఎందుకంటే ఆ శాఖ మనది.

రుద్రమదేవి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, కథానాయిక ప్రియుడికి అన్నం వడ్డిస్తోందనుకోండి. విస్తరిలో ఏం ఉండొచ్చు? ఏం ఉండకూడదు?

మిరపకాయ ఉండకూడదు. పచ్చిదీ కాదు, ఎండుదీ కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట అది. పోర్చుగీసువాళ్ళు మన తీరానికి వచ్చాకే, అంటే 16వ శతాబ్దంలోనే మనకు తెలిసింది. అలాగే టమాటా లేదు, బంగాళాదుంప లేదు, వేరుశనగ లేదు, మొక్కజొన్న లేదు. జీడిపప్పు లేదు, బొప్పాయి లేదు, జామకాయ లేదు, అనాసపండు లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ల మాట సరేసరి. కాఫీ, టీ లేవు. ఆవకాయ లేని తెలుగు భోజనం ఊహించుకోవడానికే ప్రాణం ఉసూరుమంటుంది కదూ! కానీ నిజం అదే.

మరి కారానికి ఏం చేసేవారు? మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. పులుపుకి చింతపండు, నిమ్మ, మామిడి. నూనెకి నువ్వులు. కూరలకు వంకాయ, బూడిదగుమ్మడి, పొట్ల, బీర, కంద, ఆకుకూరలు. ఇవేమీ తక్కువ కాదు. మిరియాల చారు, అల్లంపచ్చడి, ఆవపెట్టిన కంద... ఈరోజు కూడా మన ఇళ్ళల్లో తద్దినం వంటలో మిరపకాయ వెయ్యకుండా మిరియాలే వాడే కుటుంబాలు ఉన్నాయి. ఆ వంట రుచి చూసిన ఇల్లాలికి కాకతీయుల నాటి పొయ్యి వాసన కొంతవరకు తెలిసినట్టే.

పువ్వుల దగ్గర కూడా జాగ్రత్త! సినిమాల్లో రాజుల కాలం పెళ్ళంటే బంతిపూల తోరణాలే తోరణాలు. ఆ బంతి కూడా అమెరికా ఖండం మొక్కే. కాగితంపూల చెట్టు సంగతీ అంతే. కథానాయిక జడలో మల్లె, జాజి, సంపెంగ, మొగలి ఉండొచ్చు. వాటికి ఏ లోటూ లేదు.

"ఇంత చిన్న విషయాలు ఎవరు చూస్తారండీ, కథ బాగుంటే చాలదా?" అని మీరు అడగొచ్చు. నా సమాధానం ఒకటే. రచయిత మనల్ని అబద్ధపు ప్రేమ ఒకటి నమ్మమంటున్నాడు. నమ్ముతాం, అందుకే పుస్తకం కొనుక్కున్నాం. కానీ ఆ ప్రేమ చుట్టూ ఉన్న గిన్నె, దీపం, దారి నిజమైనవైతేనే మనసు ఆ ప్రేమను కూడా నిజమని ఒప్పుకుంటుంది. ఒక్క పచ్చిమిరపకాయ కనబడిందా, నమ్మకం అక్కడే తెగిపోతుంది.

ఒక రూకకు భోజనం

ఈ వివరాలు రచయితలకు ఎక్కడ దొరుకుతాయి? శాసనాల్లో కొన్ని, కావ్యాల్లో కొన్ని.

'క్రీడాభిరామం' అని ఒక పాత పుస్తకం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరుమీద ప్రసిద్ధం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒకరోజంతా తిరగడమే కథ. మధ్యలో ఆకలేస్తే పూటకూళ్ళ ఇంటికి పోతారు. ఒక రూక ఇస్తే అక్కడ దొరికే భోజనం ఏమిటో కవి లెక్కపెట్టి చెబుతాడు. కర్పూరభోగి అనే సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, పెరుగు. చూశారా! హోటల్ మెనూ కార్డులాగా ఎంత వివరంగా ఉందో! అయితే ఈ పుస్తకం కాకతీయ రాజ్యం 1323లో పడిపోయిన తర్వాత వచ్చింది. కాబట్టి రుద్రమ కాలానికి వాడుకునేటప్పుడు మంచి రచయిత ఆ తేడాను మనసులో పెట్టుకుంటాడు.

ఇలా కావ్యాల్లోంచి తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలు ఏరి కూర్చిన మహానుభావుడు సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి 1955లో దానికే వచ్చింది. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు మనకు విసుగు పుట్టిస్తాయేమో గానీ ఈ పుస్తకం అలా కాదు. ఇంటర్ చదివిన నాలాంటిదాన్ని కూడా చెయ్యి పట్టుకుని పాతకాలం పెరట్లోకి తీసుకుపోతుంది.

ఇక సముద్రం సంగతి. బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర మోటుపల్లి అనే ఊరుంది. ఒకప్పుడు పెద్ద రేవు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు లాగేసుకునేవారట. తాను అలా చెయ్యననీ, ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటాననీ మాట ఇచ్చాడు. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టునూలు, మిరియాలు అందులో చెప్పిన సరుకులు. చదువుతుంటే కథ దానంతటదే కదులుతుంది. రేవుకు వెళ్ళిన మొగుడు తుఫానులో చిక్కుకున్నాడు, ఇంట్లో పన్నీరుబుడ్డి ఖాళీ అవుతోంది... చాలదూ ఒక సీరియల్‌కి?

13వ శతాబ్దం చివర్లో మన తీరాల గురించి రాసిన మార్కోపోలో ఈ దేశపు సన్నని వస్త్రాలు సాలెగూడులా ఉంటాయని మెచ్చుకున్నాడు. ఇక్కడ ఒక రాణి ఎంతో న్యాయంగా పాలిస్తోందని కూడా రాశాడు. అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. రుద్రమ భార్య కాదు, కూతురు. అంటే కళ్ళతో చూసినవాడని, చెవులతో విన్నవాడని ఎవర్నీ గుడ్డిగా నమ్మకూడదన్నమాట. ఒకటికి రెండు ఆధారాలు సరిచూసుకోవాలి. కొట్లో బియ్యం కొనేటప్పుడు ఒక్క గింజ చూసి కొంటామా?

రుద్రమ దగ్గర మాత్రం జాగ్రత్త

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. అన్నాంబికను రచయిత ఎలాగైనా రాసుకోవచ్చు. ఆమె ఊహలో పుట్టిన పిల్ల. కానీ రుద్రమదేవి నిజంగా బతికిన మనిషి. నిజంగా బతికిన ఆడమనిషికి ప్రేమకథ రాసేటప్పుడు రచయితకు ఎంత స్వేచ్ఛ ఉండాలి?

నవలల్లో, సినిమాలో మనం చూసే రుద్రమ వయసులో ఉన్న అందమైన యువరాణి. మగవేషంలో తిరుగుతూ చాళుక్య వీరభద్రుణ్ణి ప్రేమిస్తుంది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త అన్నది నిజం. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పిలిచారన్నదీ నిజం. కానీ ఆమె పెళ్ళి 1240 ప్రాంతంలోనే జరిగిందని చరిత్రకారుల అంచనా. ఆమె సొంతంగా పాలన మొదలుపెట్టింది 1262లో. ఆ లెక్కన కిరీటం పెట్టుకునేనాటికి ఆమె పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటిన ఇల్లాలు. తర్వాత రాజ్యం అందుకున్న ప్రతాపరుద్రుడు ఆమె కూతురి కొడుకు.

ఆమె ఎలా పోయిందన్నది బాపిరాజు గారి కాలంలో ఇంత స్పష్టంగా తెలీదు. 1295 దాకా పాలించి మనవడికి అప్పగించిందని పాత పుస్తకాల్లో ఉండేది. తర్వాత నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. 1289 నవంబరు 27వ తేదీది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారనీ, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానం చేశాడనీ అందులో ఉంది. రాణీ, సేనానీ ఒకేసారి పోవడాన్ని బట్టి కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే ఆమె కన్నుమూసి ఉంటుందని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. అరవై ఏళ్ళ దరిదాపుల్లోనో అంతకు పైబడో ఉన్న అమ్మమ్మ. మనవడు ఎదిగొచ్చాడు. ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకోవచ్చు. అలాంటిది దండుతో పాటు బయల్దేరింది. మోకాళ్ళ నొప్పులతో మేడమెట్లెక్కడానికే మనం ఆపసోపాలు పడే వయసు అది! ఇంతకంటే గొప్ప కథ ఏ ప్రేమలో ఉంది?

అలాగని బాపిరాజు గారిని తప్పుపట్టడం లేదు. ఆ శాసనం ఆయన చేతికి అందలేదు. తెలిసినంతలో ఆయన ఎంతో గౌరవంగా రాశారు. నోరి నరసింహశాస్త్రి గారు కూడా రేపల్లెలో వకీలుగా ఉంటూ 'రుద్రమదేవి' నవల రాశారు. వాళ్ళ వల్లనే మనకు కాకతీయులంటే ఇంత ఆపేక్ష. నేను చెప్పేదల్లా ఇప్పుడు రాసేవాళ్ళ గురించి. ఈరోజు తెలిసిన నిజాన్ని పక్కన పెట్టేసి, రాణి అనగానే పాతికేళ్ళ అందగత్తెనే చూపిస్తామంటే అది ఆమెకు అన్యాయం. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. గణపతిదేవుడు మందడం ఇవ్వదలచితే, దాంతోపాటు వెలగపూడిని కూడా కలిపి రుద్రమ దానం చేసింది. ఆ ఆదాయంతో అక్కడ ఒక ప్రసూతిశాల, ఒక ఆరోగ్యశాల నడిచే ఏర్పాటు జరిగింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి అదే. పురుడు పోసుకునే ఆడవాళ్ళకోసం ఒక చోటు ఉండాలని ఎనిమిది వందల ఏళ్ళ నాడు రాతిమీద చెక్కించిన పాలన అది. ఆడపిల్ల రాజైతే ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

కుప్పాంబిక కట్టించిన గుడి

మరి ఆ కాలంలో నిజమైన ప్రేమకథ ఒక్కటి కూడా దొరకదా అంటే, దొరుకుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మహబూబ్‌నగర్ దగ్గర భూత్పూర్ ఉంది. పాత పేరు బూదపురం. అక్కడ కుప్పాంబిక అనే ఆవిడ 1276లో ఒక శాసనం వేయించింది. ఆవిడ గోన బుద్ధారెడ్డి కూతురు, అంటే గన్నారెడ్డి వాళ్ళ గోన వంశపు ఆడపడుచే. భర్త మల్యాల గుండ దండనాథుడు. ఆయన పోయాక ఆయన పేరిట గుండేశ్వరాలయం అని గుడి కట్టించింది. మగవాళ్ళ పేర్లతో నిండిపోయిన శాసనాల మధ్య ఒక భార్య తన భర్త పేరు దేవుడి పేరులో కలిపి నిలబెట్టుకుంది.

ఇంకో విశేషం ఉంది. తెలుగులో పద్యం చెప్పిన తొలి కవయిత్రిగా సాహిత్య చరిత్రకారులు చెప్పుకునేది ఈ కుప్పాంబికనే. ఆవిడ పేరు మీద మిగిలింది ఒకే ఒక్క పద్యం. అది దేని గురించో తెలుసా? పడుచుపిల్ల ప్రేమబాధ గురించి!

వయసులో ప్రేమ గురించి ఒక పద్యం. వయసు మళ్ళాక భర్త పేరిట ఒక గుడి. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. ఆ మధ్య ఉన్న ఖాళీయే నవల. దొంగలు, పెళ్ళికొడుకుల అపహరణలు లేకపోయినా ఫరవాలేదు. ఆవిడ ఆ పద్యం ఎవరికి చదివి వినిపించింది? ఆయన యుద్ధానికి వెళ్ళినప్పుడల్లా తాళపత్రం, గంటం ముందుపెట్టుకుని కూర్చునేదా? మిగతా పద్యాలన్నీ ఏమైపోయాయి? ఆడవాళ్ళ రాతలను ఇంట్లో ఎవరు భద్రంగా దాస్తారు చెప్పండి!

మీరూ రాయాలనుకుంటే...

మన పాఠకురాళ్ళలో ఎంతోమంది రచయిత్రులున్నారు. ఎప్పుడైనా ఇలాంటి కథ రాయాలనిపిస్తే ఈ ఆరు మాటలు గుర్తుంచుకోండి.

1. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు ఆధారం ఉన్నది రాయండి, కుడివైపు మీరు ఊహించింది రాయండి. ఇంటిఖర్చుల పుస్తకంలో జమ, ఖర్చు కలపనట్టే ఈ రెండూ కలవకూడదు.

2. కథ జరిగే సంవత్సరం ముందే ఖాయం చేసుకోండి. 'ఒకానొక కాలంలో' అంటే అది జానపదం అవుతుంది గానీ చారిత్రకం కాదు.

3. మీ కథలో వంటిల్లు, పెరడు, బావి, పురిటిగది ఉండనివ్వండి. మగ రచయితలు దర్బారు చాలా రాశారు. ఆ రెండో సగం రాయవలసింది మనమే.

4. గడియారం చూడకండి. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. దూరాలు ఆమడల్లో, డబ్బు మాడల్లో, రూకల్లో చెప్పండి.

5. నిజంగా బతికినవాళ్ళకు లేని మచ్చ అంటించకండి. ప్రేమించే పని కల్పిత పాత్రలకు అప్పజెబితే మీకూ స్వేచ్ఛ, వాళ్ళకూ మర్యాద.

6. నవల చివర ఒక పేజీలో ఏది నిజం, ఏది కల్పన అన్నది పాఠకులకు చెప్పండి. కథ రుచి ఏమీ తగ్గదు. మీమీద నమ్మకం పెరుగుతుంది.

చివరగా ఒక్క విన్నపం. మీ ఊరి పాత శివాలయం దగ్గరో, చెరువుగట్టు మీదో, ఎవరి దొడ్లోనో అక్షరాలున్న రాయి కనిపిస్తే దాన్ని ఊరికే వదిలెయ్యకండి. చాలాచోట్ల అలాంటివి బట్టలుతికే బండలైపోయాయి. కొన్నిటికి గుడి బాగుచేసేటప్పుడు సున్నమో రంగో పూసేస్తున్నారు, కొన్నిటిని సిమెంటు గోడలో కలిపేస్తున్నారు. ఫోటో తీసి ఉంచండి. పంచాయతీవారికి, పురావస్తుశాఖవారికి తెలియజెయ్యండి. సున్నం పూయబోతే వద్దని చెప్పండి. చందుపట్ల రాయి బయటపడకపోతే రుద్రమ ఆఖరి ప్రయాణం మనకు తెలిసేదే కాదు. భూత్పూరు రాయి లేకపోతే కుప్పాంబిక గుడి కథ ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు. మీ ఊరి రాతిమీద ఏ ఇల్లాలి పేరు ఉందో ఎవరికి తెలుసు? ముందు ఆ రాయి ఉంటే, దాని కథ రాసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పుడతారు.